అట్రాసిటీ కేసులు తక్కువ నమోదైన జిల్లాలో దాడులు కూడా తక్కువే అనుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ జిల్లాలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఏటా నమోదయ్యే కేసులు పక్క జిల్లాలో సగం కూడా లేవు. ఆ లెక్క చూపించి, ‘మన దగ్గర కుల వివక్ష దాదాపు పోయింది’ అని ఒక అధికారి సభలో చెప్పారు. ఆ మాట నమ్మవచ్చా? నమోదు కాకుండా పోయే కేసులు నిజంగా అన్ని ఉంటాయా? ఉన్నా, లెక్క సరిచేసుకుంటే బాధితుడికి ఒరిగేదేమిటి?

నమ్మకండి. కేసులు తక్కువగా ఉండటానికి దాడులు తగ్గడం ఒక కారణం కావచ్చు. అంతకంటే ఎక్కువసార్లు కనిపించే కారణం, ఫిర్యాదు స్టేషన్ గడప దాటకపోవడం. ఈ రెండింటిలో ఏది జరిగిందో ఒక్క మొత్తం సంఖ్య చెప్పలేదు. ఇక లెక్క వల్ల ఒరిగేదేమిటంటే, చాలా ఉంది. ఈ చట్టంలో కోర్టు, పరిహారం, ముందస్తు రక్షణ మూడూ నమోదైన కేసుల మీదే ఆధారపడి ఉన్నాయి.

నేను జిల్లా కోర్టుల్లో బాధితుల పక్షాన ఈ చట్టం కింద కేసులు చూసే న్యాయవాదిని. ఈ చట్టం అమలును సమీక్షించే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీలో కొంతకాలం అనధికార సభ్యుడిగా కూడా ఉన్నాను. కాబట్టి నా చూపు ఒక వైపు నుంచే అని ముందే గ్రహించండి. పోలీసు శాఖలో పనిచేసినవారు ఇదే ప్రశ్నకు కొంత వేరుగా జవాబిస్తారు.

ముందు అందరికీ అందుబాటులో ఉన్న లెక్కలే చూద్దాం. 2022లో దేశం మొత్తం మీద ఎస్సీలపై నేరాల కింద జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, చూపించిన కేసులు 57,582. అందులో ఒక్క రాజస్థాన్‌వే 8,752. పశ్చిమ బెంగాల్‌లో అదే పద్దు కింద ఏటా నూరు అటూ ఇటూ మాత్రమే. 2011 జనగణన ప్రకారం రాజస్థాన్‌లో ఎస్సీ జనాభా 1.22 కోట్లు, బెంగాల్‌లో 2.14 కోట్లు. ఉత్తరప్రదేశ్ తర్వాత దేశంలో ఎస్సీలు ఎక్కువమంది ఉన్న రాష్ట్రం బెంగాలే. రెండు రాష్ట్రాల సామాజిక చరిత్ర వేరు, భూమి సంబంధాలు వేరు, నిజమే. కానీ దాదాపు రెట్టింపు జనాభా ఉన్నచోట ఎనభయ్యో వంతు కేసులు ఉండటానికి ఆ తేడాలు సరిపోతాయని ఈ రంగంలో పనిచేసినవారెవరూ అనరు.

రాజస్థాన్ లెక్కలోనే ఇంకో పాఠం ఉంది. 2019లో అక్కడి ప్రభుత్వం, స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే నేరుగా ఎస్పీ కార్యాలయంలోనే నమోదు చేయించుకునే ఏర్పాటు తెచ్చింది. 2018లో 4,607గా ఉన్న ఎస్సీ కేసులు 2019లో 6,794కు చేరాయి. ఒక్క ఏడాదిలో అంత పెరుగుదలకు మనుషుల స్వభావం మారిపోవడమే కారణమనుకోవడం కష్టం. మారినది తలుపు. పత్రికలు మాత్రం ఇలాంటి ఏడాదిలో ‘దళితులపై పెరిగిన దాడులు’ అని శీర్షిక పెడతాయి. ప్రతిపక్షం దాన్ని పట్టుకుంటుంది. తర్వాత వచ్చే అధికారి ఆ పాఠం బాగా ఒంటబట్టించుకుని, సంఖ్య పెరగకుండా చూసుకుంటాడు. నేరాలు పెరగడం, నేరాల నమోదు పెరగడం రెండూ వేర్వేరని ఎన్‌సీఆర్‌బీ తన నివేదికల్లో తానే హెచ్చరిస్తుంది. ఆ పేజీ చదివేవారు తక్కువ.

ఇక కేసు ఎక్కడెక్కడ జారిపోతుందో చెబుతాను.

మొట్టమొదట జారేది ఊళ్లోనే. కూలికి పిలిచేది, పాలు పోయించుకునేది, అప్పిచ్చేది, పొలానికి దారి ఇచ్చేది కొట్టినవాళ్ల కుటుంబమే అయినప్పుడు స్టేషన్‌కు వెళ్లడం అంటే రేపటి పని వదులుకోవడమే. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను 2016 నుంచి సెక్షన్ 3(1)(జెడ్‌సీ) నేరంగానే చెబుతోంది. కానీ పనికి పిలవకపోవడాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో ఊహించండి. ‘ఈ ఏడు కౌలుకిచ్చేశాం, కూలీలు అక్కర్లేదు’ అంటే అయిపోయింది.

రెండో చోటు స్టేషన్. ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నేను చూసినంతలో ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే.

ఒక కేసులో బాధితుడి కుటుంబం నా దగ్గరకు రెండు కాగితాలు తెచ్చింది. మొదటిది ఇంటి దగ్గర చదువుకున్న మేనకోడలు రాసిచ్చిన ఫిర్యాదు. గుడి ముందు నుంచి బండి దిగకుండా వెళ్లాడని కుర్రవాడిని ఆపారు, కులం పేరు ఎత్తి తిట్టారు, ‘మీవాళ్లు ఈ వీధిలో బండి నడిపించుకుంటూ పోవాలని తెలియదా’ అన్నారు, కొట్టారు. ఎవరు ఏ మాట అన్నారో, ఎవరెవరు చూశారో పేర్లతో సహా ఉంది. రెండోది స్టేషన్ రైటర్ చేతిరాతతో ఉన్న ఫిర్యాదు, కింద తండ్రి వేలిముద్ర. అందులో ‘పాత గొడవలను మనసులో ఉంచుకుని, దారి విషయమై మాటా మాటా పెరిగి, చేతులతో కొట్టినారు’ అని ఉంది. గుడి లేదు, బండి లేదు, కులం లేదు. ఎఫ్‌ఐఆర్ ఈ రెండో కాగితం మీదే కట్టారు: పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 115(2), 126(2), 351(2). దెబ్బలు, అడ్డగించడం, బెదిరింపు. అట్రాసిటీ సెక్షన్ ఒక్కటీ లేదు. ఇలాంటి కేసు గణాంకాల్లో కనిపించకుండా పోదు. మామూలు కొట్లాటల పద్దులో చేరుతుంది. లెక్కలో నేరం ఉంటుంది, కారణం ఉండదు. పైనుంచి చూసేవారికి అది రెండు ఇళ్ల మధ్య తగాదా.

చట్టం ఈ పని జరుగుతుందని ఊహించింది. సెక్షన్ 4(2) ప్రకారం నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు దాన్ని ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి. తగిన సెక్షన్ల కింద కేసు కట్టాలి. నకలు వెంటనే ఇవ్వాలి. ఇవి కావాలని చేయని ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. అయితే ఆ కేసు పెట్టాలంటే ముందు శాఖాపరమైన విచారణ జరిగి సిఫారసు రావాలి. ఆ సిఫారసు రాసేది పై అధికారులే. ఆ సెక్షన్ కింద శిక్ష పడిన ఉద్యోగి నా ప్రాక్టీసులో నాకు తారసపడలేదు.

స్టేషన్లో ఇంకో అలవాటు ఉంది. ఫిర్యాదు తీసుకుని ‘పిటిషన్’గా పెట్టుకుంటారు. రెండు పక్షాలను పిలుస్తారు. పెద్దమనుషులు వస్తారు. ఎదుటివారి నుంచి ఒక కౌంటర్ ఫిర్యాదు కూడా తీసుకుంటారు, ‘వాళ్లే ముందు చేయి చేసుకున్నారు’ అని. అప్పుడు బాధితుడి ముందు పెట్టే ప్రశ్న ఒకటే: మీ కొడుకు మీద కూడా కేసు కట్టమంటారా, ఇద్దరూ రాజీ పడతారా? ఏ తండ్రి ఏమంటాడో చెప్పక్కర్లేదు.

కొత్త చట్టాలు వచ్చాక దీనికి ఒక సాకు దొరికింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(3) ప్రకారం మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. అట్రాసిటీ చట్టంలో చాలా నేరాలకు గరిష్ఠ శిక్ష ఐదేళ్లు కాబట్టి దీన్ని ఇక్కడా వాడుతున్నారు. ఇది చెల్లదని గట్టిగా చెప్పండి. సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఈ చట్టం కింద ప్రాథమిక విచారణకు వీలిచ్చినప్పుడు, దాన్ని తిప్పికొట్టడానికే పార్లమెంటు అదే ఏడాది సెక్షన్ 18ఏ తెచ్చింది. ఎఫ్‌ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. ఇతర చట్టాలతో పేచీ వస్తే ఈ చట్టానిదే పైచేయి అని సెక్షన్ 20 చెబుతుంది.

ఇంకో అపోహ. స్టేషన్లో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: ‘కులం పేరుతో తిట్టారా? నలుగురిలో తిట్టారా?’ లేదంటే అట్రాసిటీ రాదని పంపేస్తారు. తిట్టు నేరానికి అది అవసరమే. కానీ సెక్షన్ 3(2)(వీఏ) వేరు. చట్టం షెడ్యూల్లో ఉన్న దెబ్బలు, బెదిరింపు లాంటి నేరాల్లో, ఎదుటివాడు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి చేశాడని చూపితే చాలు. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవారికి ఎవరిది ఏ కులమో తెలియదని వాదించడం అంత తేలిక కాదు. ఈ ఒక్క క్లాజు తెలియకపోవడం వల్ల, లేదా తెలిసినా తెలియనట్టు ఉండటం వల్ల జారిపోయే కేసులు చాలా ఉన్నాయి.

ఇక చట్టమే లెక్కలోకి తీసుకోనివారు ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. మన తెలుగు పల్లెల్లో చర్చికి వెళ్లే దళిత కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. కొట్టేవాడు వారి మతం అడిగి కొట్టడు, కులం చూసే కొడతాడు. నిందితుడి లాయరు మాత్రం మొదటి వాయిదాకే బాప్తిస్మం ఫొటో పట్టుకొస్తాడు. ఇది తెలిసి చాలామంది అసలు ఈ చట్టం జోలికే పోరు.

మతం పేరుతో జరిగే దాడుల సంగతి ఇంకా అధ్వాన్నం. ఎన్‌సీఆర్‌బీ 2017లో మూకదాడులు, విద్వేష నేరాల సమాచారం సేకరించింది. కానీ ఆ నేరాలకు నిర్వచనమే లేదు, సమాచారం నమ్మదగ్గదిగా లేదు అని చెప్పి మానేసింది. 2021లో పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఇదే. నిర్వచనం లేనప్పుడు ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా పంపితే అది పోల్చడానికి పనికిరాదు, కాబట్టి అభ్యంతరంలో నిజముంది. అయితే దానికి మందు నిర్వచనం ఇవ్వడం. 2024 జులై 1 నుంచి న్యాయ సంహిత 103(2)లో జాతి, కులం, భాష, జన్మస్థలం, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేసే హత్య ప్రత్యేక నేరమైంది. మతం అన్న మాట అందులో నేరుగా లేదు. అయినా సెక్షన్ నంబరంటూ ఉంది కాబట్టి ఇకనైనా లెక్కించడానికి ఒక గడి దొరికింది.

నమోదైన కేసుల్లోనూ లెక్క కుంచించుకుపోతుంది. ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా ఎన్‌సీఆర్‌బీ అన్నింటిలోకీ పెద్దదాని కిందే లెక్కిస్తుంది. హత్యతో పాటు ఇళ్ల దహనం, బహిష్కరణ ఉంటే హత్య ఒక్కటే కనిపిస్తుంది. లక్ష జనాభాకు ఎన్ని కేసులన్న నిష్పత్తిని ఇంకా 2011 జనాభాతోనే లెక్కగడుతున్నారు. కాబట్టి 28.6 లాంటి దశాంశాలు చూసి మరీ మురిసిపోకండి.

మీ ప్రశ్న కింద ఒకరు ‘అందులో సగం తప్పుడు కేసులే కదా, శిక్షలు పడటం లేదు చూడండి’ అన్నారు. ఈ చట్టం కింద శిక్షల శాతం 2020లో 39.2 ఉండగా 2022కు 32.4కు పడిపోయింది, అది వాస్తవం. కానీ కేసు కొట్టివేయడం ఒకటి, కేసు అబద్ధం కావడం మరొకటి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ఆ ఊళ్లోనే నడిచిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ ఎనిమిది శవాలు అబద్ధమని ఎవరైనా అంటారా? మామూలు కేసుల్లో జరిగేది ఇంత పెద్దదీ కాదు. ఆరేళ్లకు విచారణకు వస్తుంది, అప్పటికి సాక్షి అదే ఆసామి దగ్గర జీతానికి ఉంటాడు, బోనెక్కి ‘నాకేమీ తెలియదు’ అంటాడు. తప్పుడు కేసులు లేవని నేను అనను. భూమి తగాదాలో బలం కోసం ఈ సెక్షన్ తగిలించిన సందర్భాలు నా ముందుకు వచ్చాయి, ఒకటి రెండు తిరస్కరించాను కూడా. అవి కూడా లెక్కను పాడుచేస్తాయి, అసలు బాధితుడి మీద అనుమానం పెంచుతాయి. కానీ నమోదు కాని కేసుల రాశి ముందు వాటి పరిమాణం చిన్నది. ఇది నా అంచనా మాత్రమే.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, లెక్క వల్ల ఏమొస్తుందని.

కోర్టు వస్తుంది. సెక్షన్ 14 ప్రకారం ఒక జిల్లాకు గానీ, కొన్ని జిల్లాలకు కలిపి గానీ ఈ కేసుల కోసమే ప్రత్యేక కోర్టు పెట్టాలి. దానికి ఒక మినహాయింపు ఉంది: కేసులు తక్కువ నమోదైన జిల్లాల్లో ఉన్న సెషన్స్ కోర్టునే ప్రత్యేక కోర్టుగా ప్రకటిస్తే సరిపోతుంది. ఒకసారి ఆలోచించండి. స్టేషన్లో కేసులు కట్టలేదు కాబట్టి విడి కోర్టు రాదు. మామూలు సెషన్స్ కోర్టులో హత్యలు, వరకట్న మరణాల మధ్య ఈ కేసులు ఏళ్ల తరబడి వాయిదాలు పడతాయి. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో ముగించాలని చట్టంలో ఉన్నా అది కాగితం మీదే. సాక్షులు విసిగిపోతారు, రాజీపడతారు. ‘ఆ కేసు పెట్టి వాళ్లు బావుకున్నదేమిటి’ అని వాడలో మాట పడుతుంది. తర్వాతి బాధితుడు స్టేషన్‌కు వెళ్లడు. సంఖ్య ఇంకా తగ్గుతుంది. మీ జిల్లా అధికారి సభలో గొప్పగా చెప్పుకున్నది ఈ తగ్గుదలనే కావచ్చు.

పరిహారం వస్తుంది. 2016 నిబంధనల ప్రకారం నేరాన్ని బట్టి 85,000 నుంచి 8,25,000 రూపాయల వరకు. అవమానం కింద వచ్చే కేసులకు లక్ష. ఆ లక్షలో పావు వంతు ఎఫ్‌ఐఆర్ దశలోనే, సగం ఛార్జిషీటు కోర్టుకు వెళ్లినప్పుడు, మిగతా పావు శిక్ష పడ్డాక. పైన చెప్పిన కుర్రవాడి ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ లేదు కాబట్టి ఈ డబ్బులో రూపాయి రాదు. దర్యాప్తు కూడా డీఎస్పీ చేయక్కర్లేదు, హెడ్ కానిస్టేబులు చాలు.

ముందస్తు రక్షణ వస్తుంది. 1995 నిబంధనల్లో మూడోది అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలంటుంది. అలా గుర్తించిన చోట ఎస్పీ శాంతిభద్రతలు సమీక్షించాలి, అవసరమైతే ఆయుధాల లైసెన్సులు రద్దు చేయాలి, ప్రత్యేక పోలీసు బలగం పెట్టాలి. గుర్తించడానికి ఆధారం ఏమిటి? పాత కేసులే. చిన్న దాడులు నమోదు కాని ఊరు పెద్ద దాడి జరిగే దాకా ‘ప్రశాంత గ్రామం’గానే ఉంటుంది.

కమిటీ సమావేశాల్లో నేను చూసింది ఒకటి చెబుతాను. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకొకసారి జరగాలి. స్టేషన్ల వారీగా ఒక పట్టిక ఇస్తారు. కొన్ని స్టేషన్ల ఎదురుగా వరసగా ‘నిల్, నిల్, నిల్’. ఎక్కువ కేసులున్న స్టేషన్ ఎస్సైని లేపి ‘మీ దగ్గర ఎందుకిన్ని?’ అని అడిగేవారు. నిల్ స్టేషన్ ఎస్సై హాయిగా కూర్చునేవాడు. అసలు నిలబెట్టి అడగాల్సింది అతనినని ఒకసారి అన్నాను. నవ్వారు, తర్వాతి అంశానికి వెళ్లారు. ఇలా అడిగినంత కాలం ఏ ఎస్సై మాత్రం కేసు కడతాడు?

పోలీసు లెక్కకు బయట మరో కొలత ఉంటే ఈ ఆట సాగదు. అమెరికాలో ఎఫ్‌బీఐకి పోలీసులు పంపిన విద్వేష నేర ఘటనలు 2023లో 11,862. అక్కడి న్యాయ శాఖ ఇళ్లకు వెళ్లి మనుషులనే అడిగి చేసే బాధితుల సర్వే ప్రకారం 2005 నుంచి 2019 వరకు సగటున ఏడాదికి దాదాపు రెండున్నర లక్షలు. రెండింటి నిర్వచనాలు ఒకటి కావు, అయినా ఆ అంతరం ఎంతో చూడండి. మనకు కుల దాడుల మీద అలాంటి జాతీయ సర్వే లేదు. ఉన్నచోట ఏం తేలిందో మాత్రం తెలుసు: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవారు 14 శాతమే. సాయం అంటే ఎక్కువగా పుట్టింటివారు. పోలీసుల దాకా వెళ్లినవారు అందులోనూ కొద్దిమందే.

మీ జిల్లా సంగతి మీరే తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది. ఎన్‌సీఆర్‌బీ జిల్లాల వారీ పట్టికల్లో ఎస్సీలపై హత్యలను ఒక పక్క, దెబ్బలు, అవమానాల కేసులను మరో పక్క రాసుకోండి. శవాన్ని దాచడం కష్టం, తిట్టును దాచడం తేలిక. హత్యలు పక్క జిల్లాతో సమానంగా ఉండి చిన్న కేసులు మాత్రం బాగా తక్కువగా ఉంటే, మీ జిల్లాలో ఫిర్యాదులు స్టేషన్ల దగ్గరే ఆగిపోతున్నాయి. రెండూ తక్కువగా ఉంటే అధికారి మాటలో కొంత నిజం ఉండవచ్చు. ఒక్క ఏడాది చూసి నిర్ణయించకండి. జిల్లా స్థాయిలో హత్యల సంఖ్య చిన్నది కాబట్టి ఐదేళ్లు కలిపి చూడాలి.

ఆ తర్వాత సమాచార హక్కు కింద ఎస్పీ కార్యాలయానికి, కలెక్టరేటుకు విడివిడిగా దరఖాస్తులు పెట్టండి. ఎస్పీ నుంచి స్టేషన్ల వారీగా కేసులు, వాటిలో స్టేషన్ కట్టకపోతే బాధితులు కోర్టుకు వెళ్లాక మేజిస్ట్రేటు ఆదేశంతో కట్టినవి ఎన్ని, ఘటన తేదీకి ఎఫ్‌ఐఆర్ తేదీకి మధ్య ఎన్ని రోజులు, దర్యాప్తులో అట్రాసిటీ సెక్షన్ తొలగించినవి ఎన్ని అని అడగండి. కలెక్టరేటు నుంచి గత మూడేళ్ల విజిలెన్స్ కమిటీ సమావేశాల తేదీలు, మినిట్స్ అడగండి. ‘వివరాలు’ అని ఊరికే అడిగితే ఒక్క వాక్యం జవాబు వస్తుంది, అందుకే ప్రతిదానికీ నకలు కావాలని రాయండి. మేజిస్ట్రేటు ఆదేశంతో కట్టిన కేసుల వాటా ఎక్కువగా ఉన్న స్టేషన్ల పేర్లు వచ్చాక ఇక్కడే మళ్లీ రాయండి, ఆ ఎఫ్‌ఐఆర్‌లు ఎలా చదవాలో చెబుతాను.